కాసు మీద రాణి

పోయిన వేసవి సెలవుల్లో అమ్మమ్మ బీరువాలోంచి కాసులపేరు తీసింది. నా సెకండ్ ఇయర్ ఫీజు కట్టాలి. నాన్న వద్దన్నాడు, అమ్మ ఏం మాట్లాడలేదు, అమ్మమ్మ మాత్రం ఎవరినీ అడగలేదు. మర్నాడు పొద్దున్నే బ్యాంకుకి వెళ్ళి గోల్డ్ లోన్ పెట్టాలి. ఆ రాత్రి నేను కూర్చుని ఒక్కో కాసునీ ఫోన్‌తో ఫోటో తీశాను. అన్నిటి మీదా లక్ష్మీదేవి ఉంది. మధ్యలో ఉన్న ఒక్కదాని మీద మాత్రం ఒక పెద్దావిడ. బొద్దు మొహం, తల మీంచి వెనక్కి జారే ముసుగు, నడినెత్తిన బొమ్మల కొలువులో పెట్టేంత చిన్న కిరీటం. వెనక గుర్రం మీద ఒకాయన డ్రాగన్‌ని చంపుతున్నాడు. కింద 1891 అని ఉంది.

ఇంట్లో దాన్ని రాణిగారి కాసు అంటారు. ఏ రాణి అంటే ఎవరికీ సరిగ్గా తెలీదు. ఇమేజ్ సెర్చ్‌లో పెడితే రెండు సెకన్లలో చెప్పేసింది. విక్టోరియా మహారాణి, ఇంగ్లండ్ బంగారు సావరిన్, 22 క్యారెట్లు, 7.98 గ్రాములు. మా కనిగిరి వైపు 8 గ్రాముల బంగారాన్ని సవర అంటారు. ఆ మాట సావరిన్ నుంచే వచ్చిందని నాకు అప్పుడే వెలిగింది. వరంగల్ నుంచి వచ్చిన నా రూమ్మేట్‌కి ఈ లెక్క అర్థం కాదు, వాళ్ళది తులాల లెక్క.

అన్నిటికంటే నాకు ఆసక్తిగా అనిపించింది ఆ మొహం కథ. అది మొదటిసారి నాణెం మీదకి వచ్చింది 1887లో, విక్టోరియా గద్దెనెక్కి 50 ఏళ్ళయిన సందర్భంగా. ఆ గోల్డెన్ జూబిలీకి లండన్ టంకశాల మామూలు నాణేలతో పాటు ప్రూఫ్ నాణేలు కూడా కొట్టింది. ప్రూఫ్ అంటే ఇక్కడ సాక్ష్యం కాదు. అచ్చుని అద్దంలా పాలిష్ చేసి, నాణెం బిళ్ళని కూడా మెరుగుపెట్టి, ఒకటికి రెండుసార్లు జాగ్రత్తగా కొట్టే నాణెం. బజార్లో ఖర్చు పెట్టడానికి కాదు, పెట్టెలో పెట్టి దాచుకోవడానికి. ఆ సెట్‌లో మొత్తం 11 నాణేలు, నాలుగు బంగారువి, ఏడు వెండివి. అన్నిటికంటే పెద్దది ఐదు పౌండ్ల నాణెం. అడ్డంగా 36 మిల్లీమీటర్లు, దాదాపు 40 గ్రాములు, అంటే మన లెక్కలో ఐదు సవర్లు. ప్రూఫ్‌గా కొట్టినవి 797 మాత్రమే.

మా అమ్మమ్మ కాసు ప్రూఫ్ కాదు. చేతులు మారి అరిగిపోయి, పైన కొక్కెం అతికించిన మామూలు నాణెం. కానీ మొహం అదే. ఆ మొహం దాకా రావడానికి ఆమెకి 50 ఏళ్ళు పట్టింది. ఎందుకో చెప్పాలంటే మొదటి నుంచి చెప్పాలి.

మొదటి మొహం

విక్టోరియా 1819 మే 24న లండన్‌లోని కెన్సింగ్టన్ ప్యాలెస్‌లో పుట్టింది. తండ్రి మూడో జార్జి రాజుకి నాలుగో కొడుకు. ఆమెకి ఏడాది నిండకుండానే ఆయన పోయాడు. పెదనాన్నలకి బతికి బట్టకట్టిన వారసులు లేకపోవడంతో, ఎవరూ అనుకోని ఆ పిల్ల సింహాసనానికి దగ్గరవుతూ వచ్చింది. తల్లి జర్మన్ రాజకుమారి. తల్లి దగ్గర వ్యవహారాలు చూసే జాన్ కాన్రాయ్ అనే ఆయన, ఈ పిల్ల రేపు రాణి అయితే పెత్తనం తన చేతిలో ఉండాలని లెక్కలేసుకున్నాడు.

దానికోసం వాళ్ళిద్దరూ పెట్టిన రూల్స్ చదివితే మన హాస్టల్ వార్డెన్ దేవుడిలా కనిపిస్తాడు. తనతో ఆడుకోవడానికి పిల్లలెవరూ రాకూడదు. రాత్రి తల్లి గదిలోనే పడుకోవాలి. ఎవరో ఒకరి చెయ్యి పట్టుకోకుండా మెట్లు దిగకూడదు. 13వ ఏట నుంచి డైరీ రాసేది, అది కూడా తల్లి చదివేది. ఒంటరిగా ఒక్క గంట ఉండటం ఎలా ఉంటుందో తెలీకుండా ఆమె 18 ఏళ్ళు పెరిగింది.

1837 జూన్ 20 తెల్లారుజామున పెదనాన్న నాలుగో విలియం చనిపోయాడు. పొద్దున ఆరింటికి ఆమెని నిద్ర లేపి, ఆర్చిబిషప్, రాజప్రాసాద అధికారి కబురు చెప్పారు. ఆమె ఒక్కతే ఆ గదిలోకి వెళ్ళి విన్నది. రాణిగా ఆమె చేసిన తొలి పనుల్లో ఒకటి, తన మంచాన్ని తల్లి గదిలోంచి బయటికి తీయించడం. కాన్రాయ్‌ని దూరం పెట్టింది. అప్పటికి ఆమెకి 18 ఏళ్ళ 27 రోజులు. నాకంటే చిన్నది. ఎత్తు ఐదడుగులు కూడా సరిగ్గా ఉండేది కాదు.

1838 జూన్ 28న పట్టాభిషేకం. చిటికెన వేలికి చేయించిన ఉంగరాన్ని ఆర్చిబిషప్ పక్క వేలికి తొడిగేశాడు. తర్వాత ఐసు నీళ్ళలో వేలు ముంచి లాగితే గానీ రాలేదు.

అదే సంవత్సరం ఆమె మొహంతో కొత్త సావరిన్లు వచ్చాయి. చెక్కింది విలియం వైయన్. జుట్టు వెనక్కి ముడి, దానికి రిబ్బన్లు, నెత్తిన కిరీటం లేదు, చూపు సూటిగా ఉంటుంది. ఆ వైయనే 1839 నాటి ఐదు పౌండ్ల ప్రూఫ్ నాణెం మీద విక్టోరియాని సింహాన్ని నడిపించే కన్యలా చూపించాడు. ఆ సింహం ఇంగ్లండ్. దేవుడా నా అడుగులు నువ్వే నడిపించు అనే అర్థంలో లాటిన్ మాటలు చుట్టూ ఉంటాయి. ఈ నాణెం మామూలు వాడకానికి అసలు కొట్టలేదు. నాణేలు సేకరించేవాళ్ళు ఇప్పటికీ లోకంలో అందమైన నాణేల్లో ఒకటని దీన్నే చెప్తారు. వైయన్ చేసిన ఇంకో పతకం మీది మొహమే 1840లో ప్రపంచంలో మొట్టమొదటి పోస్టల్ స్టాంపు మీదకి ఎక్కింది.

నాణేల మీద ఆ అమ్మాయి అలాగే ఉండిపోయింది. నాణెం బయట మాత్రం జీవితం పరిగెత్తింది.

ఆల్బర్ట్

1839లో జర్మనీ నుంచి ఆమె మేనమామ కొడుకు ఆల్బర్ట్ వచ్చాడు. మనవైపు బావ అంటాం. రాణిని పెళ్ళి చేసుకోమని అడిగే హక్కు ఎవరికీ లేదు కాబట్టి ఆమే అడగాల్సి వచ్చింది, అడిగింది. 1840 ఫిబ్రవరి 10న పెళ్ళి. 17 ఏళ్ళలో తొమ్మిది మంది పిల్లలు. కాన్పులంటే ఆమెకి అస్సలు ఇష్టం ఉండేది కాదు. 1853లో ఎనిమిదో కాన్పుకి డాక్టర్ జాన్ స్నో చేత క్లోరోఫామ్ ఇప్పించుకుంది. కాన్పు నొప్పి తగ్గించుకోవడం తప్పని అప్పటిదాకా వాదించినవాళ్ళు చాలామంది ఆ తర్వాత నోరు మూసుకున్నారు.

ఆల్బర్ట్ మనలాంటివాళ్ళకి నచ్చే మనిషి. యంత్రాలంటే ఇష్టం, లెక్కలంటే ఇష్టం, అన్నిటికీ ఒక ప్లాన్ ఉండాలి. 1851లో లండన్ హైడ్ పార్కులో గాజు, ఇనుముతో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన మహా ప్రదర్శన వెనక ముఖ్యమైన మనిషి ఆయనే. ఒకరకంగా అది ప్రపంచంలోనే పెద్ద టెక్ ఫెస్ట్. మన కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పే కోహినూర్ వజ్రాన్ని కూడా అక్కడ పెట్టారు. పంజాబ్‌ని ఓడించి, పదేళ్ళ పిల్లాడైన మహారాజు దులీప్ సింగ్ నుంచి తీసుకున్న వజ్రం అది. జనం ఎగబడి చూసి, ఇది మెరవట్లేదేంటని నిరాశపడ్డారు. మరుసటేడు ఆల్బర్ట్ దగ్గరుండి మళ్ళీ సాన పెట్టించాడు. 186 క్యారెట్ల రాయి 105 క్యారెట్లకి దిగింది.

1861 మార్చిలో విక్టోరియా తల్లి పోయింది. అదే ఏడు డిసెంబర్ 14న విండ్సర్ కోటలో ఆల్బర్ట్ పోయాడు. డాక్టర్లు టైఫాయిడ్ అన్నారు. ఇద్దరిదీ ఒకే వయసు, 42.

తర్వాత ఆమె 40 ఏళ్ళు బతికింది. ఆ 40 ఏళ్ళూ నల్ల బట్టలే. ఆల్బర్ట్ గది ఎలా ఉందో అలాగే ఉంచారు. రోజూ ఆయన బట్టలు తీసి పెట్టేవాళ్ళు, గెడ్డం గీసుకోవడానికి వేడి నీళ్ళు తెచ్చి పెట్టేవాళ్ళు. ఆమె జనంలోకి రావడం మానేసింది. ఏళ్ళ తరబడి పార్లమెంటు ప్రారంభానికి వెళ్ళలేదు. 1866లో వెళ్ళినప్పుడు కూడా రాజవస్త్రాలు వేసుకోలేదు, వాటిని సింహాసనం మీద పరిపించి నల్ల బట్టల్లోనే కూర్చుంది. జనానికి మొదట జాలేసింది, తర్వాత విసుగొచ్చింది, తర్వాత కోపం వచ్చింది. బకింగ్‌హామ్ ప్యాలెస్ కంచెకి, ఈ భవనం ఓనర్ వ్యాపారం దెబ్బతింది కాబట్టి అద్దెకిస్తాం అనే అర్థంలో ఎవరో నోటీసు తగిలించారు. పనిచెయ్యని రాణికి జీతం ఎందుకని సభల్లో అడిగేవాళ్ళు. 1870 ప్రాంతంలో రాచరికమే వద్దనే వాళ్ళ సంఖ్య బాగా పెరిగింది.

నెత్తిన వితంతువుల టోపీ ఉండగా పెద్ద కిరీటం కుదరదు. అందుకని 1870లో 1,187 వజ్రాలతో ఒక చిన్న కిరీటం చేయించుకుంది. అమ్మమ్మ కాసు మీద ఉండే చిన్న కిరీటం అదే.

అయినా సావరిన్ మీద మాత్రం వైయన్ చెక్కిన ఆ 18 ఏళ్ళ అమ్మాయే ఉంది. 1838 నుంచి 1887 దాకా, 49 ఏళ్ళు. ఫస్ట్ ఇయర్‌లో తీసిన ఐడీ కార్డు ఫోటోతోనే రిటైర్ అయినట్టు.

మన రూపాయి మీద

ఇక్కడ మన సంగతి కూడా చెప్పాలి. 1857 తిరుగుబాటు తర్వాత 1858లో ఇండియా పాలన కంపెనీ చేతిలోంచి ఆమె పేరు మీదకి మారింది. 1862 నుంచి మన రూపాయి మీద కిరీటం పెట్టుకున్న విక్టోరియా కనిపిస్తుంది, పక్కన క్వీన్ అని ఉంటుంది. 1877 నుంచి ఆ మాట ఎంప్రెస్ అయింది. ప్రధాని డిజ్రేలీ తెచ్చిన చట్టంతో ఆమె భారత చక్రవర్తిని అయింది కాబట్టి. బొమ్మ మాత్రం 1901 దాకా పెద్దగా మారలేదు. అంటే మన రూపాయి మీద ఆమె ముసలిదీ కాలేదు, వితంతువూ కాలేదు.

ఆ బిరుదుని 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో ప్రకటించారు. వైస్రాయ్ లిట్టన్ దేశంలోని రాజులందర్నీ పిలిపించి ఆర్భాటంగా చేశాడు. సరిగ్గా అప్పుడే మద్రాసు ప్రెసిడెన్సీలో కరువు. కర్నూలు, కడప, బళ్ళారి, నెల్లూరు జిల్లాలు ఎండిపోయాయి. మా కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలోదే. ఖర్చు తగ్గించాలని ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ అనే అధికారి, కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మగమనిషికి రోజు కూలీలో గింజలని ఒక పౌనుకి దించాడు. అంటే అర కిలో కూడా కాదు. ఆ కరువు అయ్యేసరికి బ్రిటిష్ ఇండియాలో 50 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. కరువులో కూడా ఇక్కడి ధాన్యం ఓడలెక్కి వెళ్తూనే ఉంది.

విక్టోరియా ఆ దర్బారుకి రాలేదు. అసలు జీవితంలో ఎప్పుడూ ఇండియాలో అడుగు పెట్టలేదు. కూలీ రేటు ఆమె నిర్ణయించలేదు, నిజమే. కానీ ఆ బిరుదు కావాలని గట్టిగా కోరుకున్నది ఆమె. ఎంప్రెస్ అనే మాట పడిన రూపాయిలు ఇక్కడి బజార్లోకి వచ్చేనాటికి, వాటితో కొనడానికి గింజలు లేవు. ఈ రెండు విషయాలూ నా నోట్‌బుక్‌లో పక్కపక్కనే రాసుకున్నాను. ఒకదాన్ని ఇంకోటి రద్దు చెయ్యలేదు.

రెండో మొహం

1887 వచ్చింది. ఆమెకి 68 ఏళ్ళు. జూన్ 20 పొద్దున ఆల్బర్ట్ సమాధి ఉన్న ఫ్రాగ్‌మోర్‌లో చెట్ల కింద టిఫిన్ చేసి, రైలెక్కి లండన్ వచ్చింది. మర్నాడు వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేకి ఊరేగింపు. ముందు భారతీయ గుర్రపు దళం. చుట్టూ యూరప్ రాజులు, ఇండియా నుంచి వెళ్ళిన మహారాజులు. కిరీటం పెట్టుకోమని అందరూ బతిమాలినా వినకుండా ఒక బానెట్ టోపీతో వెళ్ళింది. అదే నెలలో ఆగ్రా నుంచి వచ్చిన 24 ఏళ్ళ అబ్దుల్ కరీం ఆమె దగ్గర పనిలో చేరాడు. అతని దగ్గర హిందుస్తానీ నేర్చుకోవడం మొదలుపెట్టి, 68 ఏళ్ళ వయసులో ఉర్దూ అక్షరాలు దిద్దింది. ఇంట్లోవాళ్ళకి, కొలువులోవాళ్ళకి అతనంటే మంట. ఆమె పట్టించుకోలేదు.

జూబిలీ నాణేల మీది కొత్త మొహం చేసింది జోసెఫ్ ఎడ్గర్ బోమ్, వియన్నాలో పుట్టిన శిల్పి. వయసు దాచలేదు. ముసుగు వేశాడు. 1870 నాటి చిన్న కిరీటం పెట్టాడు. మెడలో ముత్యాలు, గుండెల మీద ఆల్బర్ట్ పేరు కూడా కలిసిన పతకం. 50 ఏళ్ళలో మొదటిసారి జనం చేతిలో ఉన్న బంగారం మీద రాణి నిజంగా ఎలా ఉందో అలా కనిపించింది.

జనం నవ్వారు. ఆ కిరీటం ఇప్పుడో ఇంకాసేపటికో జారి పడేలా ఉందన్నారు. పత్రికలు, పార్లమెంటు అందరూ ఎగతాళి చేశారు. దానికి తోడు టంకశాల ఇంకో పొరపాటు చేసింది. వెండి ఆరు పెన్నీల నాణెం, బంగారు అర సావరిన్ దాదాపు ఒకే సైజు. రెండిటికీ ముందు అదే మొహం, వెనక దాదాపు అలాంటిదే డాలు డిజైను. దాని మీద విలువ రాయలేదు. కొందరు తెలివైనవాళ్ళు ఆరు పెన్నీలకి బంగారు పూత పూసి అర సావరిన్‌గా చలామణి చేశారు. ఒకటికి ఇరవై రెట్లు లాభం. టెస్ట్ చెయ్యకుండా రిలీజ్ చేస్తే ఏమవుతుందో మనకి తెలుసు. అదే ఏడాది ఆ డిజైన్‌ని వెనక్కి తీసుకున్నారు.

ప్రూఫ్ సెట్ కొనుక్కున్న కొద్దిమంది మాత్రం దాన్ని పెట్టెలో దాచుకున్నారు. అద్దంలాంటి బంగారం మధ్యలో ముసుగేసుకున్న ముసలావిడ. నవ్విన వాళ్ళందరూ పోయారు, ఆ నాణేలు ఇప్పటికీ మెరుస్తున్నాయి.

మూడో మొహం

1893లో బోమ్ మొహాన్ని తీసేసి థామస్ బ్రాక్ చేసిన కొత్త మొహం పెట్టారు. ముసుగు ఉంది కానీ హుందాగా ఉంది, ఎవరూ నవ్వలేదు. భారత చక్రవర్తిని అనే బిరుదు పొట్టి లాటిన్ అక్షరాల్లో ఇంగ్లండ్ నాణేల మీదకి వచ్చింది కూడా అప్పుడే.

1897 జూన్ 22న 60 ఏళ్ళ డైమండ్ జూబిలీ. మోకాళ్ళ నొప్పులతో సెయింట్ పాల్స్ మెట్లెక్కలేక, చర్చి బయట బండిలోనే కూర్చుంటే ప్రార్థన అక్కడే చేశారు. ఇండియాలో మళ్ళీ కరువు, బొంబాయి వైపు ప్లేగు. అదే రాత్రి పూనాలో జూబిలీ విందు నుంచి వస్తున్న ప్లేగు అధికారి రాండ్‌ని చాపేకర్ సోదరులు కాల్చారు. ఆ రోజు వెలిగించిన దీపాలన్నీ సంతోషంతో వెలిగినవి కావు.

1901 జనవరి 22 సాయంత్రం ఆస్బోర్న్ హౌస్‌లో ఆమె కన్నుమూసింది. 63 ఏళ్ళ 7 నెలల పాలన. 40 ఏళ్ళు నల్ల బట్టల్లో ఉన్న మనిషి, తన అంత్యక్రియలు మాత్రం తెల్లగా జరగాలని ముందే రాసిపెట్టింది. తెల్ల గౌను, పెళ్ళినాటి ముసుగు. పక్కన ఆల్బర్ట్ గౌను, ఆయన చేతి అచ్చు. ఫ్రాగ్‌మోర్‌లో ఆయన పక్కనే పెట్టారు. జీవితమంతా రాసిన డైరీలని చిన్న కూతురు బియాట్రిస్ ఎత్తి రాసి, చాలా కోసేసి, అసలువి కాల్చేసింది. అందుకే మనకి తెలిసిన విక్టోరియా కూడా కొంత చెక్కిన మొహమే.

అమ్మమ్మ

ఇదంతా వీడియో కాల్‌లో అమ్మమ్మకి చెప్పాను. కరువు సంగతి చెప్తే, వాళ్ళ నాయనమ్మ గంజి తొట్ల గురించి చెప్పేదని గుర్తు చేసుకుంది. తర్వాత రాణిగారికి ఎంతమంది పిల్లలు, మొగుడు ఏ వయసులో పోయాడు అని అడిగింది. తాతయ్య పోయినప్పుడు అమ్మమ్మకి 51. అప్పుడు బీరువాలో పెట్టిన కాసులపేరు మళ్ళీ బయటికి రావడం ఇదే. నగలు తీసెయ్యమని రాణికి ఎవరైనా చెప్పారా అని కూడా అడిగింది. ఎవరు చెప్తారు, ఆవిడే రాణి కదా అన్నాను. అమ్మమ్మ కాసేపు ఊరుకుంది. తనకీ ఎవరూ చెప్పలేదట. కానీ అందరూ చూస్తూ ఉన్నారట.

ఆ కాసు ఇంట్లోకి ఎలా వచ్చిందో, ఎవరు ఏం అమ్మి కొన్నారో ఎవరికీ తెలీదు. ఇప్పుడు అది బ్యాంకులో ఒక కవరులో ఉంది, నా పేరు మీద రాసిన రసీదు అమ్మ దగ్గర ఉంది. ఇంకా రెండేళ్ళ చదువు మిగిలింది. మొదటి జీతంతో విడిపిస్తాను, విడిపించాక బీరువాలో పెట్టకుండా మెళ్ళో వేసుకోవాలి అని అమ్మమ్మతో అన్నాను.

ముందు బ్యాక్‌లాగ్స్ లేకుండా పాసవ్వమంది. మెళ్ళో వేసుకునే సంగతి తర్వాత చూద్దామంది. వద్దని మాత్రం అనలేదు.